మా పరీక్షాలయము, మా తనిఖీ

మన పాఠశాల వార్షిక సంచికకు మా వృత్తినిగూర్చి యొక వ్యాసము వ్రాసి పంపవలసినదని సంపాదకవర్గమువారు కోరిరి. మేము ఈ పాఠశాలలో చదువు ముగించి వెడలి చాల సంవత్సరములైనది. ప్రస్తుతము కృష్ణాతీరమున నొక పట్టణమందు, ఇండ్లకును వంతెనలకును రోడ్లకును వాడు సిమెంటు, కాంక్రీటు, ఇటుక, ఇనుపచువ్వ మొదలగువానిని పరీక్షించు చిన్న పరీక్షాలయము నొకదానిని నడుపుచున్నాము. చిన్నదనుట వినయమునకు వ్రాసిన మాట కాదు. మూడు గదులు, ఒక వరండా, మాతో కలిపి ఆరుగురు మనుష్యులు, అంతియే.

గత శీతకాలమున మన పాఠశాల పదవ తరగతి విద్యార్థులు తమ సైన్సు ఉపాధ్యాయులతో గూడ మా పరీక్షాలయమును చూడవచ్చిరి. పెద్ద యంత్రము క్రింద కాంక్రీటు దిమ్మె నొకదానిని పెట్టి, అది ఫెళ్లున పగులువరకు నొక్కి చూపితిమి. అందరును చప్పట్లు కొట్టిరి. ఒక బాలిక మాత్రము చప్పట్లు కొట్టక, "పగిలిపోయినదానిని గూర్చి మీరు కాగితముమీద ఒక అంకె వ్రాసి యిత్తురు. ఆ అంకె నిజమని మాకెట్లు తెలియునండి? దిమ్మె యిక లేదు గదా!" అని యడిగెను. ఆ దినమున మేము చెప్పిన సమాధానము మాకే తృప్తికరముగా లేదు. ఈ వ్యాసమును ఆ బాలికకు ఆలస్యముగా నిచ్చుచున్న సమాధానముగా చదువరులు భావింతురుగాక.

మొదట ఆ దిమ్మె సంగతి. పనిస్థలములందు దీనిని క్యూబు అందురు. మేమును అట్లే యందుము. స్లాబు వేయు దినమున, మరనుండి దిగుచున్న కాంక్రీటులో కొంత తీసి, 150 మిల్లీమీటర్ల భుజముగల ఇనుప అచ్చులలో నింపుదురు. ఒక్కమారుగా నింపరాదు. సుమారు 5 సెంటీమీటర్ల మందమున మూడు పొరలుగా పోసి, ఒక్కొక్క పొరను 16 మిల్లీమీటర్ల ఇనుపకడ్డీతో 35 పోట్లకు తగ్గకుండ పొడువవలెను. పోట్లు తగ్గినచో లోపల గాలి నిలిచిపోవును. కాంక్రీటు మంచిదైనను క్యూబు చెడ్డదగును. అటుపిమ్మట తేమగల చోట 24 గంటలు కదలింపక యుంచి, అచ్చు విప్పి, పేరును తేదీని గుర్తించి, నీటితొట్టిలో ముంచి యుంచవలెను. ఆ నీటి వేడిమి 27 డిగ్రీలుండవలెను. దానికి రెండు డిగ్రీలు పైకిగాని రెండు డిగ్రీలు క్రిందికిగాని పోవచ్చును, అంతకు మించరాదు. ఈ 27 డిగ్రీల మాటను చదువరులు జ్ఞప్తియందుంచుకొనవలెనని ప్రార్థన. కథ తిరిగి అక్కడికే వచ్చును.

28వ దినమున క్యూబును తొట్టినుండి తీసి, తుడిచి, కొలిచి, తూచి, యంత్రము క్రింద నుంచుదుము. యంత్రమును మన యిష్టము వచ్చినట్లు త్రిప్పరాదు. చదరపు మిల్లీమీటరుకు నిమిషమునకు 14 న్యూటనుల చొప్పున ఒత్తిడి పెరుగవలెనని భారతీయ ప్రమాణము చెప్పుచున్నది. క్యూబు ముఖవైశాల్యము 22,500 చదరపు మిల్లీమీటర్లు. కావున నిమిషమునకు 315 కిలోన్యూటనులన్నమాట. తొందరపడి వేగముగా నొక్కినచో లేని బలము కనబడును. మిక్కిలి నింపాదిగా నొక్కినచో ఉన్న బలము తగ్గి కనబడును. కనుక యంత్రము నడుపువాని చేయికూడ ఆ అంకెలో నొక భాగమే. ఎం 25 అను తరగతి కాంక్రీటు చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటనులు ఓర్వవలెను. అనగా క్యూబు 562.5 కిలోన్యూటనుల వరకు, సుమారు 57 టన్నుల బరువు వరకు నిలువవలెను. నిండుగా సరకెత్తిన పదిచక్రముల లారీలు రెంటి బరువును మీ రెండు అరచేతులలో పట్టునంతటి దిమ్మె మోయుచున్నదని తలచుకొనుడు. ఒక్క క్యూబును నమ్మరాదు. మూడింటిని పగులగొట్టి సగటు తీయుదుము. వానిలో ఏదైనను ఆ సగటునకు నూటికి 15 వంతులకంటె ఎక్కువ దూరముగా నున్నచో ఆ నమూనాయే చెల్లదు.

ఇనుపచువ్వల పరీక్ష మరియొక విధము. నేటి చువ్వలు నునుపుగా నుండవు, వానిమీద మెరకగీతలుండును. కాబట్టి వ్యాసమును కొలిచి వైశాల్యమును కట్టుట కుదరదు. చువ్వను తూచి, పొడవు కొలిచి, ఘనమీటరు ఉక్కు 7,850 కిలోగ్రాములను లెక్కనుబట్టి వైశాల్యమును రాబట్టుదుము. 12 మిల్లీమీటర్ల చువ్వ మీటరుకు 0.888 కిలోగ్రాము తూగవలెను. తల్లిదండ్రులు తమ యింటికి చువ్వలు దిగినపుడు మంచి త్రాసుతో ఈ ఒక్క లెక్కను తామే చూచుకొనవచ్చును. దానికి మా యొద్దకు రానక్కరలేదు. సిమెంటు పరీక్షకు మాత్రము ఏ ఇసుకయైనను పనికిరాదు. మద్రాసు సమీపమున ఎన్నూరునుండి వచ్చు ప్రమాణపు ఇసుకను మూడు పరిమాణములలో సమానముగా తూచి, ఒకపాలు సిమెంటుకు మూడుపాళ్లు కలిపి, చిన్న దిమ్మెలు చేయుదుము. దేశమంతట నొకే ఇసుక యుండినగాని ఒక ఊరి సిమెంటును వేరొక ఊరి సిమెంటుతో పోల్చుటకు వీలుండదు గదా.

ఇంతవరకు చెప్పినది చేతిపని. మా పరీక్షాలయమున నిజముగా తయారై బయటికి పోవు వస్తువు ఒక్కటే: కాగితము. దిమ్మె ముక్కలు గోతులు పూడ్చుకొనుటకు పోవును, చువ్వ ముక్కలు పాతయినుముల కొట్టునకు పోవును. ఇంజనీరుగారి బల్లమీదికి చేరునది మా చేవ్రాలుగల కాగితమే. దానిని చూచి ఆయన సెంట్రింగు విప్పుమనును, పై అంతస్తు వేయుమనును. ఆ పై అంతస్తులో మనుష్యులు నిద్రింతురు.

అందువలననే ఆ కాగితముమీద పలువురి కన్ను పడును. ఒకప్పుడొక పెద్దమనిషి క్యూబులతో బాటు మా రిపోర్టు ఫారమునే నింపి తెచ్చెను. అంకెలు పెన్సిలుతో నీటుగా వ్రాసి యుండెను. "మీకు శ్రమ లేకుండ" అనెను! ఆయన మాటలో దురుద్దేశ్య మేమియు కనబడలేదు. లోకమంతయు నిట్లే జరుగుచున్నదని ఆయన నమ్మకము. కాఫీ యిచ్చి, క్యూబులను ఉంచుకొని, ఫారమును తిరిగి యిచ్చివేసితిమి. మరికొందరు ఇంతకంటె తెలివైనవారు. మా కొఱకు ప్రత్యేకముగా సిమెంటు ఎక్కువ వేసి క్యూబులు పోసి తెత్తురు. ఇది మాకు తెలియు మార్గము లేదు. కావున ప్రతి రిపోర్టుక్రిందను, ఈ ఫలితము మాకు అందిన నమూనాకు మాత్రమే చెందునని వ్రాయుదుము. చదువరులలో ననేకులు దీనిని తప్పించుకొను వాక్యమని యనుకొందురు. అది మాకు తెలిసినంతవరకే చెప్పు వాక్యము.

ఈ వృత్తిలో మాకు తాతవంటివాడు డేవిడ్ కిర్కాల్డి యను స్కాట్లండు దేశస్థుడు. ఆయన 1866లో లండనున, అడిగినవారి కెల్లరకు లోహములను పరీక్షించి యిచ్చు పరీక్షాలయమును తెరచెను. 1874లో దానిని సదర్కు వీథిలోని 99వ నంబరు గృహమునకు మార్చెను. గృహద్వారముమీద "అభిప్రాయములు గావు, యథార్థములు" అను అర్థము వచ్చు మాటలను చెక్కించెను. 1879 డిసెంబరు 28వ తేదీ రాత్రి స్కాట్లండున టే నదిమీది రైలు వంతెన తుపానులో కూలి, బండిలో నున్నవారెల్లరును మరణించిరి. విచారణ సంఘమువారు ఆ వంతెన యినుపముక్కలను పరీక్షింపించినది కిర్కాల్డి యంత్రము మీదనే. పోతయినుముతో చేసిన చెవులు, పనికివచ్చునని యెంచిన బరువులో సుమారు మూడవవంతునకే విరిగినవి. అవి కట్టకముందు పరీక్షింపబడి యున్నచో నేమయ్యెడిదో చదువరులే యూహించుకొనవచ్చును. ఆయన పెద్దయంత్రము నేటికిని ఆ గృహమందే యున్నది.

ఇక బాలిక ప్రశ్న. యంత్రము చూపిన 562 నిజముగా 562 అని యెట్లు తెలియును? సంవత్సరమున కొకమారు, బలమును కొలుచు పరికరముతో నొక సంస్థవారు వచ్చి, మా యంత్రపు అంకెను తమ అంకెతో పోల్చి, తేడాను కాగితముమీద వ్రాసి యిత్తురు. దీనిని కాలిబ్రేషను అందురు. వారి పరికరము దానికంటె మేలైనదానితో సరిచూడబడును. అది మరియొక దానితో. ఇట్లు మెట్లెక్కుచు పోయినచో మన దేశమున చివరిమెట్టు న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. దానికి 1947 జనవరి 4వ తేదీన శంకుస్థాపన జరిగినది. మా యంత్రము నూటికి ఒక వంతువరకు తప్పవచ్చును. అనగా 562 అన్నపుడు అయిదారు కిలోన్యూటనులు ఇటో అటో. ఇది లోపము కాదు. తెలిసియున్న తప్పు తప్పు కాదు.

కాలిబ్రేషను కాగితమును ఫైలులో పెట్టుట యందరును చేయుదురు, చదువువారు కొలదిమంది. మా పెద్దయంత్రము 2,000 కిలోన్యూటనులవరకు నొక్కునది. దాని కాగితమును శ్రద్ధగా చదివినపుడు, 200 కిలోన్యూటనులకు దిగువ అది సరిచూడబడనే లేదని కనుగొంటిమి. కాంక్రీటు క్యూబులకు ఇబ్బంది లేదు. కాని 53 తరగతి సిమెంటు చిన్నదిమ్మె ముఖము 5,000 చదరపు మిల్లీమీటర్లు. మూడవ దినమున అది 27 న్యూటనులు ఓర్చిన చాలును. అనగా 135 కిలోన్యూటనులు. అంతవరకు ఆ దిమ్మెలను పెద్దయంత్రము మీదనే పగులగొట్టుచుంటిమి! అప్పుచేసి సిమెంటునకు వేరుగా చిన్నయంత్రమును కొంటిమి. ఆ అప్పు ఇంకను తీరలేదు.

ఇప్పుడు తనిఖీ. ఆడిటు అనగానే జమాఖర్చుల పుస్తకములు చూచుట యని మన వారి తలంపు. పరీక్షాలయములకు వేరు తనిఖీ కలదు. పరీక్షాలయ మెట్లు నడువవలెనో చెప్పు ఐ.ఎస్.ఓ./ఐ.ఇ.సి. 17025 అను అంతర్జాతీయ ప్రమాణము మొదట 1999లో వెలువడినది. ఇపుడు అమలునందున్నది 2017 నాటి కూర్పు. మన దేశమున ఎన్.ఏ.బి.ఎల్. అను సంస్థవారు దీనినిబట్టి పరీక్షాలయములను తనిఖీ చేసి గుర్తింపు నిత్తురు. వారు రాకముందు మమ్ము మేమే తనిఖీ చేసికొనవలెననుట కూడ ఆ ప్రమాణములోని నియమమే.

మొదటిసారి తనిఖీకి సిద్ధపడినపుడు మేము చేసిన పనులు చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. గోడలకు సున్నము వేయించితిమి. వరండాలో పూలకుండీలు పెట్టించితిమి. క్రొత్త ఫైళ్లు కొని, వానికి రంగురంగుల చీటీలంటించితిమి. ఎవరు ఏమడిగిన నేమి చెప్పవలెనో కుర్రవాండ్రచేత వల్లె వేయించితిమి. ఇది యంతయు ఇన్‌స్పెక్టరుగారు వచ్చు దినమున పాఠశాలలో జరుగు అలంకరణము వంటిదే.

సరియైన పద్ధతిని మాకు నేర్పినవారు పాలిటెక్నిక్కులో పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న యొక మాస్టారు. మా యింటి తనిఖీ చేసి పెట్టుడని వారిని వేడుకొంటిమి. వారు వచ్చి ఫైళ్ల నేవియు అడుగలేదు. కన్నులు మూసికొని, రిపోర్టుల కట్టలోనుండి ఒక కాగితమును లాగిరి. "దీనినుండి వెనుకకు నడుతము" అనిరి. ఈ అంకె నెవరు లెక్కించిరి? లెక్కకు మూలమైన చిత్తుపుస్తక మేది? క్యూబు పగులగొట్టిన కుర్రవానికి ఆ పని చేయుటకు అధికార మెవరిచ్చిరి, ఎన్నడిచ్చిరి? ఆ దినమున యంత్రపు కాలిబ్రేషను గడువులో నున్నదా? ఏ ప్రమాణగ్రంథమునుబట్టి చేసితిరి, ఏ కూర్పు? క్యూబు మా గుమ్మములోనికి వచ్చినపుడు రిజిస్టరులో వ్రాసిన గుర్తును, పగులగొట్టినపుడు వ్రాసిన గుర్తును ఒకటియేనా? అచ్చు భుజము 150 ఉన్నదని చివరిమారు ఎన్నడు కొలిచితిరి? నీటితొట్టి వేడిమి ఆ 28 దినములును ఎంత? ఇట్లొక్క అంకెను పట్టుకొని అడుగడుగునను వెనుకకు నడచి, స్లాబు వేసిన దినమువరకు చేరవలెను. ఎక్కడనైనను మెట్టు లేకున్నచో అక్కడ ఆగవలెను.

మేము ఆగినది నీటితొట్టి వేడిమి పుస్తకముకడ.

అది మూడేండ్లక్రిందటి జూను నెల. ఎన్.ఏ.బి.ఎల్. వారు వచ్చుటకు ఆరువారములు గడువుండెను. మాస్టారు మే నెల పుటను తెరచిరి. ప్రతి దినమును ఉదయము, సాయంకాలము నిండుగా వ్రాసియుండెను: 27.0, 27.0, 26.5, 27.0. ఒక్క గడియైనను ఖాళీ లేదు. చూచుటకు ముచ్చటగా నుండెను. పిమ్మట వారు వేరొక ఫైలునుండి కాలిబ్రేషను కాగితము నొకదానిని తీసి ప్రక్కన పెట్టిరి. ఆ తొట్టి ఉష్ణమాపకమే మే నెల 4వ తేదీనుండి 18వ తేదీవరకు సరిచూచుటకై మా చేతినుండి వెడలి యున్నది!

తొట్టి చూచు కుర్రవానిని పిలిచి, మాస్టారు మెల్లగా, "నాయనా, ఈ పదునైదు దినములు ఏ ఉష్ణమాపకముతో చూచితివి?" అనిరి. వాడు కొంతసేపు మాటాడలేదు. తరువాత మావైపు చూచి, "పుస్తకములో ఖాళీ యుండగూడదని మీరే చెప్పితిరి గదండీ" అనెను.

వానిని మందలింపబోయి ఆగిపోతిమి. మన పాఠశాల ప్రయోగశాలలో లోలకమును ఊపి గురుత్వత్వరణమును కనుగొను ప్రయోగము మాకు జ్ఞప్తికి వచ్చినది. 980 రావలెనని ముందే తెలిసి, కాలములను వెనుకకు లెక్కించి వ్రాసిన బాలురు మా తరగతిలో నుండిరి. మేమును వారిలో నుంటిమి. అందులకు మాకు 20కి 18 మార్కులు వచ్చెను. అంతేకాదు. మే నెల పుటలో ప్రతి శనివారపు గడిక్రిందను "చూచితిమి" అని యొక చేవ్రాలు కలదు. అది మాదే.

ఆ పదునైదు దినములలో నీటి వేడిమి నిజముగా నెంతయో ఇక నెవరికిని తెలియదు. మా ప్రాంతమున మే నెల యెండ లెట్లుండునో చదువరులకు చెప్పనక్కరలేదు. తొట్టికి చల్లబరచు యంత్రమున్నది; కాని కరెంటు పోయినచో అది నిలుచును. ఉష్ణమాపకము తిరిగి వచ్చిన తరువాత, కరెంటు లేని యొక మధ్యాహ్నము నీరు 31.5 డిగ్రీల కెక్కుట మేమే చూచితిమి. వెచ్చని నీటిలో నున్న కాంక్రీటు తొలిదినములలో త్వరగా గట్టిపడును. ఏడవ దినపు అంకె ఉన్నదానికంటె గొప్పగా కనబడును. 28వ దినమునకు ఆ లాభము నిలువక తగ్గనైనను తగ్గవచ్చును. ఆ దినములలో తొట్టిలో నున్న క్యూబులనుగూర్చి మేము 14 రిపోర్టులు ఇచ్చియుంటిమి, తొమ్మిదిమందికి.

ఆ రాత్రి మా వరండాలో జరిగిన చర్చను దాచము. ప్రక్కగదిలో మరియొక గాజు ఉష్ణమాపకము గోడకు వ్రేలాడుచుండెను. ఆ దినములలో దానితో చూచితిమని ఒక్క వాక్యము వ్రాసినచో చాలును, కాదనువారు లేరు. మాలో ఇద్దరు ఆ మాటే యనిరి. వారు చెడ్డవారు కారు. ఆరు కుటుంబముల జీతములు ఆ గుర్తింపుమీద నున్నవి. మాస్టారు ఏమియు చెప్పక, చెప్పులు తొడుగుకొని యింటికి వెడలిరి. మేము తెల్లవారువరకు నటునిటు తిరిగి, ఉదయము తొమ్మిది ఉత్తరములు వ్రాయించితిమి. ఫలానా తేదీలలో నీటి వేడిమి చూడబడలేదు, వ్రాసిన అంకెలు చూచి వ్రాసినవి కావు, కాబట్టి ఫలానా రిపోర్టులమీద మాకు భరోసా లేదు, అని. ప్రమాణగ్రంథములో దీనికి నియమము కలదు; చేసిన పని సరిగా లేదని తెలిసినపుడు దానిని తీసికొన్నవారికి తెలుపవలెనని. నియమము చదువుట సులభము.

నలుగురు బదులే వ్రాయలేదు. ఒక కంట్రాక్టరు వచ్చి వీథి యంతయు వినునట్లు కేకలు వేసెను. మా ఉత్తరమువలన అతని బిల్లు నిలిచిపోయినది. అతడు చేసిన తప్పేమియు లేదు. ఆ కేకలు మాకు తగినవే. ఇంకొకరు ఆ తరువాత మా గడప తొక్కలేదు. ఒక బాలికల వసతిగృహపు ఇంజనీరుగారు మాత్రము వెంటనే పని ఆపించి, స్లాబునుండి మూడు గుండ్రని ముక్కలను కోయించి, వేరొక పరీక్షాలయమునకు పంపిరి. ఇట్టి ముక్కల సగటు బలము ఆ తరగతికి చెప్పిన బలములో నూటికి 85 వంతులకు తగ్గరాదు. ఏ ఒక్కటియు 75కు తగ్గరాదు. ఫలితము వచ్చుటకు పట్టిన ఎనిమిది దినములును మా యింట సరిగా భోజనములు లేవు. సగటు 91, తక్కువది 84 వచ్చెను. స్లాబు నిలిచినది. కోత ఖర్చు మేమే యిచ్చుకొంటిమి. అయినను స్లాబు మంచిదగుటవలన మా పుస్తకములోని అంకెలు నిజము కాజాలవు. ఈ రెంటిని కలిపి సంతోషపడబోయిన మా వారిని మాస్టారు గట్టిగానే వారించిరి.

తనిఖీ భాషలో మూలకారణమును వెదకుట యని యొకటి కలదు. కుర్రవాని అజాగ్రత్త యని వ్రాసి ముగించుట వాడుక. మేము వ్రాసినది వేరు: రెండవ ఉష్ణమాపకము లేకపోవుట, ఖాళీ యుండరాదను ఉత్తరువు, చూడకయే చేవ్రాలు చేయుట. వీనిలో మొదటిది డబ్బుతో తీరినది. రెండవదానికి బదులు, చూడనినాడు "చూడలేదు" అని కారణముతో వ్రాయవలెనను ఉత్తరువు వచ్చినది. మూడవదానికి, చేవ్రాలు చేయువాడు ముందు తాను తొట్టికడకు పోయి స్వయముగా చూచి, తన అంకెను కూడ వ్రాయవలెనను నియమము పెట్టుకొంటిమి. మే నెల పుటను చింపలేదు. అబద్ధపు అంకెలమీదుగా, అవి కనబడునట్లు, ఒక్కొక్క గీత గీచి, ప్రక్కన తేదీయు పొడి అక్షరములును వేసితిమి.

తరువాత ఎన్.ఏ.బి.ఎల్. పక్షమున ఇద్దరు వచ్చి రెండు దినములుండిరి. ఒకరు పద్ధతులను, ఒకరు పరీక్షలను చూచిరి. పరీక్షలు చూచువారు ఆ కుర్రవానినే పిలిచి క్యూబును నొక్కించిరి. "300 కిలోన్యూటనులకడ కరెంటు పోయినచో నేమి చేయుదువు?" అని యడిగిరి. "ఆ క్యూబును తీసివేసి, పరీక్ష జరుగలేదని వ్రాయుదునండి, మరల నొక్కను" అని వాడు చెప్పెను. ఇది మేము వల్లె వేయించినది కాదు. మే నెల పుటను వారు చాలసేపు చదివిరి, ఉత్తరములును చదివిరి. మెచ్చుకొందురని మాకు లోలోపల ఆశ యుండెననుట అబద్ధము కాదు. వారు తల యెత్తి, "తొమ్మిది ఉత్తరములకు ఎనిమిది అందినట్లు రశీదు లున్నవి, తొమ్మిదవ దేది?" అనిరి! అది లేదు. అదియొక లోపముగా వ్రాసికొనిరి. క్యూబుల పరీక్షకు 2021లో క్రొత్త కూర్పు వచ్చియుండగా, 1959 నాటి పాతగ్రంథము కూడ అలమారులో దానిప్రక్కనే యున్నదని రెండవ లోపము. మూడు అచ్చులను కొలువవలసిన గడువు దాటినదని మూడవది. వానిని సవరించి, సవరించినట్లు ఆధారములు పంపితిమి, గుర్తింపు వచ్చినది. పూలకుండీల నెవరును చూడలేదు.

తల్లిదండ్రులు ఇల్లు కట్టించునపుడు ఉపయోగపడునని ఒకమాట. వెయ్యి చదరపు అడుగుల స్లాబు అయిదంగుళముల మందమున వేసినచో సుమారు 12 ఘనమీటర్ల కాంక్రీటు పట్టును. దానికి రెండు నమూనాలు, అనగా ఆరు క్యూబులు తీయవలెను. మీ మేస్త్రి తీయుచున్నపుడు ప్రక్కన నిలువుడు. రిపోర్టు వచ్చినపుడు సగటును మాత్రమే చూడక, క్యూబు పోసిన తేదీ, పగులగొట్టిన తేదీ, మూడు క్యూబుల విడివిడి అంకెలు, ప్రమాణగ్రంథపు పేరును సంవత్సరమును చూడుడు. మూడు అంకెలును అచ్చముగా నొక్కటియే యున్నచో మీకు సందేహము రావలెను. రాళ్లు, ఇసుక, నీరు కలిసిన వస్తు వెన్నడును అంత క్రమశిక్షణతో నుండదు.

ఈ సంవత్సరము మే నెల పుట ఇపుడు మా ముందున్నది. అందు 11వ తేదీ సాయంకాలపు గడిలో, "చూడలేదు. గాలివాన. వీథిలో చెట్టు పడి రాలేకపోతిమి" అని యున్నది. 12వ తేదీ ఉదయము 30.0 అని యున్నది. దాని ప్రక్కన ఆ రాత్రి తొట్టిలో నున్న క్యూబుల గుర్తులు, వాని యజమానులకు తెలిపిన తేదీ. కుర్రవాని చేవ్రాత మునుపటంత నీటుగా లేదు. ఆ పుస్తకము తొట్టి ప్రక్కనున్న మేకునకు తగిలించి యుండును. ఆ బాలిక ఏ శనివారమైనను వచ్చి, మాతోబాటు ఉష్ణమాపకమును తాను కూడ చూచి, ప్రక్కనున్న అంకెతో పోల్చుకొనవచ్చును.